కాలువ గట్టు రోడ్డు – మద్యపానము

మా అత్తిలి ప్రాంతమున అనేక రోడ్లు కాలువ గట్లను ఆనుకొని పోవును. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క వరిచేను. ఆ ఇరుకు దారినే ధాన్యపు ట్రాక్టర్లు, కొల్లేటి చేపల లారీలు, సైకిళ్ళు, గేదెలు, బడికి పోవు పిల్లలు పంచుకొనవలెను. కనుక త్రాగి బండి నడపువాని తప్పునకు ఫలమనుభవించునది తరచుగా త్రాగని పాదచారియే.

తూలనంతవరకు ప్రమాదము లేదని మనవారిలో ఒక నమ్మకము కలదు. ఇది పొరపాటు. తూలుటకు చాల ముందే మద్యము మెదడును మందగింపజేయును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగును. ఎదుట దీపము లేని ట్రాక్టరు ఆగియున్నదని గ్రహించుటలో అర సెకను ఆలస్యమైనచో 8 మీటర్లు చేజారినట్లే. చిత్రమేమనగా, చురుకుదనము తగ్గించు ఆ మద్యమే ధైర్యమును పెంచును! 'నిషా' అను మాట మనకు ఉర్దూ మిత్రుల భాషనుండి వచ్చినది. దిగు ఉపాయములు మాత్రము మనవారే కల్పించుకొనిరి. మజ్జిగ త్రాగినను, తలపై చన్నీళ్ళు పోసికొన్నను లాభము లేదు. కాలేయము 100 మిల్లీలీటర్ల రక్తమునుండి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల మద్యమును మాత్రమే తొలగించును. రాత్రి పెండ్లి విందులో మితిమీరి త్రాగిన డ్రైవరు, తెల్లవారుజామున నిద్ర లేచినను, మత్తులోనే యుండవచ్చును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములను హద్దుగా నిర్ణయించినది. ఇంగ్లండులో ఇది 80. మన చట్టమే కఠినము. 2019 సవరణతో మొదటి తప్పునకే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలలవరకు జైలు, లేదా రెండును విధింపవచ్చును. అయినను ఊదించి చూచు యంత్రము జాతీయ రహదారిపై కనబడినంతగా కాలువ గట్టుపై కనబడదు.

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యము దుకాణములుండరాదని తీర్పు చెప్పినది. 20,000 లోపు జనాభాగల స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరమును తరువాత 220 మీటర్లకు తగ్గించినది. ఉద్దేశము మంచిదే. కాని రహదారి విడిచిన దుకాణములు కొన్ని ఊళ్ళలోనికి జరిగినవి. 2017లో రాష్ట్రమున పలుచోట్ల స్త్రీలు వానిని అడ్డుకొనిరి. త్రాగినవాడు ఇప్పుడు చిన్న రోడ్డుననే ఇంటికి పోవును.

కళాశాల వార్షికోత్సవము రాత్రివేళ ముగియును. ఆనాడు విద్యార్థులను ఇండ్లకు చేర్చు వాహనముల డ్రైవర్లను బయలుదేరుటకు ముందే పరీక్షింపజేయవలెనని, ట్రక్కుల వెనుక మెరయు ఎర్ర బిళ్ళలు అంటింపజేయు పని విద్యార్థులకు అప్పగింపవలెనని కమిటీవారిని కోరుచున్నాము.