మిర్చి ధర ఎవరి చేతిలో?

2017 వేసవిలో పదో తరగతి పరీక్షలు రాసి ఇంటి దగ్గరున్నాను. మా నాన్న కౌలు చేలో పండిన మిర్చి టిక్కీలను గుంటూరు యార్డుకు తోలుకెళ్ళి, కోతకూలి కూడా రాక తిరిగొచ్చాడు. "చదువుకుంటున్నావుగా, దీన్ని ఎవర్ని అడగాల్రా? అమరావతినా, ఢిల్లీనా?" అన్నాడు. నాకు తెలియలేదు. ఎం.ఎ. రాజనీతిశాస్త్రంలో చేరాకగానీ తెలిసిరాలేదు.

మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి అని మూడు జాబితాలున్నాయి. పోటీ పరీక్షలకు ఈ మాత్రం బట్టీపడితే చాలు. మన చేలల్లోకి దిగితే మాత్రం తమాషాగా ఉంటుంది. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం, మార్కెట్లు 28వది. అందుకే మిర్చి యార్డు 1966 నాటి రాష్ట్ర చట్టం కింద నడుస్తోంది. ఒంగోలు వైపు పొగాకును వేలం వేయించే పొగాకు బోర్డు కేంద్ర సంస్థ. దాని ప్రధాన కార్యాలయం మన గుంటూరులోనే ఉంది.

ఇక పత్తి. ఉమ్మడి జాబితా 33వ అంశంలో ముడి పత్తి, పత్తి గింజల వ్యాపారాన్ని పేరుపెట్టి మరీ రాశారు. బీటీ విత్తనం 450 గ్రాముల పాకెట్టు 1,600 రూపాయలు దాటిన రోజుల్లో మన రాష్ట్రం ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కెక్కి, 2006లో దాన్ని 750కి దించింది. 2007లో సొంత చట్టం చేసింది. దేశమంతటికీ ధర నియంత్రణ ఉత్తర్వును కేంద్రం తెచ్చింది 2015 డిసెంబరులో! ఢిల్లీ కంటే మనమే ముందు నడిచామన్నమాట.

పత్తికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది, సి.సి.ఐ. కొంటుంది. మిర్చికి ఆ పట్టికలో చోటు లేదు. ధర పడిపోతే రాష్ట్రం అడగాలి, కేంద్రం ఒప్పుకోవాలి, నష్టాన్ని చెరిసగం భరించాలి. దీన్నే మార్కెట్ జోక్య పథకం అంటారు. 2017 మేలో అలాగే క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించారు. అప్పటికే మా సరుకు అమ్ముడైపోయింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ 2.91 లక్షల టన్నులకు 11,781 రూపాయల ధర నిర్ణయించారు.

(మన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పూ ఇలాంటి పొత్తే. ఎస్సీ విద్యార్థులకు 2020-21 నుంచి కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం.)

పైగా మాది కౌలు. భూమి, కౌలు రాష్ట్ర జాబితాలో 18వ అంశం. కౌలు కార్డు ఇవ్వాల్సింది రాష్ట్రమే.

మొన్న సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే ఇద్దర్నీ అడగాలన్నమాట. రెండు అర్జీలు రాయి" అన్నాడు. మద్దతు ధర కోసం ఒకటి, కౌలు కార్డు కోసం ఒకటి రాశాను. నాన్న సంతకం పెట్టాడు.