ముక్కు మధ్యన బులాకీ

ముక్కుపుడక మనలో ఎవరికీ వింత కాదు. కానీ రెండు ముక్కురంధ్రాల మధ్య వేలాడే నగ అనగానే "అయ్యో, అదెందుకు?" అంటారు. నిజానికి అదీ మనదే. బులాకీ, అడ్డబాస, ముంగర అని తెలుగులో దానికి మూడు పేర్లున్నాయి. కూచిపూడి నాట్యంలో ఇప్పటికీ నొక్కుడు బులాకీ పెట్టుకుంటారు. అరకు వైపు గిరిజన స్త్రీలు ముక్కుకు అటొకటి, ఇటొకటి, మధ్యనొకటి పెట్టుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. అమెరికాలో అదే నగ "సెప్టమ్ పియర్సింగ్" పేరుతో కాలేజీ పిల్లల ముక్కుల మీద కనిపిస్తుంది.

నేను కుట్టించుకున్నది 36వ ఏట, టెక్సాస్‌లో. అమ్మమ్మ పోయాక ఆవిడ ముత్యాల బులాకీ నాకొచ్చింది. క్లిప్పులా మార్పించుకుంటే చాలు కదా అన్నారు మావారు. బీరువాలో పెట్టుకోవడానికి కాదు, రోజూ పెట్టుకోవడానికే కావాలన్నాను. అమ్మ మాత్రం ఫోన్లో ససేమిరా అంది. "మానేసినదాన్ని మళ్లీ తగిలించుకుంటావేమే?" అని విసుక్కుంది. రెండు రోజులాగి తనే అసలు సంగతి చెప్పింది. తను హైస్కూల్లో ఉండగా తోటి పిల్లలు అమ్మమ్మ ముక్కు చూసి నవ్వారట. "అది తీసేస్తేనే మా బడికి రా" అందట అమ్మ. అమ్మమ్మ మారు మాట్లాడకుండా తీసేసింది, మళ్లీ పెట్టుకోలేదు. అమ్మ కోపం నా మీద కాదని అప్పుడర్థమైంది.

ఇక అసలు విషయం. ముక్కు మధ్యగోడ అంతా గట్టిగా ఉండదు. లోపలి భాగం మృదులాస్థి. దాని ముందు, కొంచెం కిందగా, పల్చటి పొర ఉంటుంది. కుట్టాల్సింది అక్కడే. మృదులాస్థికి సొంత రక్తనాళాలుండవు, చుట్టూ ఉన్న పొర నుంచే పోషణ అందుతుంది. అందుకే అక్కడ చీము పడితే తేలిగ్గా లొంగదు, ముక్కు ఆకారమే దెబ్బతినవచ్చు. చేయి తిరిగినవాళ్లు గ్లవుజు వేసుకుని వేలితో ఆ పల్చటి చోటు వెతికి గుర్తు పెడతారు. గన్‌తో కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఒక్కసారే వాడి పారేసే బోలు సూది, ఆటోక్లేవ్, టెక్సాస్‌లో అయితే రాష్ట్ర ఆరోగ్య శాఖ లైసెన్సు ఉన్నాయో లేదో చూసుకోండి. అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ పియర్సర్స్ సభ్యులైతే ఇంకా మంచిది. నొప్పి ఒక్క క్షణమే. కళ్లలో నీళ్లు మాత్రం ఉల్లిపాయలు తరిగినప్పటిలా వాటంతటవే కారతాయి.

మొదట పెట్టే నగ బంగారం కానక్కర్లేదు. ఇంప్లాంట్‌లకు వాడే ఏఎస్‌టీఎం ఎఫ్136 టైటానియం మేలు. మన 22 క్యారెట్లది 91.6 శాతం బంగారం. మెత్తన కాబట్టి త్వరగా గీతలు పడుతుంది, ఆ గరుకు పచ్చిగాయాన్ని రాపిడి చేస్తుంది. చౌకరకం నగల్లోని నికెల్‌తో చాలామందికి దురద, ఎర్రదనం వస్తాయి.

"పసుపు, కొబ్బరినూనె రాయవే" అంది అమ్మ. నేను రాయలేదు. వంటింటి పసుపులో సూక్ష్మజీవులుండవని చెప్పలేం, నూనె పక్కును పట్టి ఉంచుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా పుట్టే కణాలనే దెబ్బతీస్తాయి. కావలసిందల్లా ఏమీ కలపని స్టెరైల్ సెలైన్ స్ప్రే. అందులో ఉప్పు 0.9 శాతం, అంటే లీటరుకు 9 గ్రాములు. మన రక్తంతో సరితూగే గాఢత అది. ఇంట్లో కలిపితే ఉప్పు ఎక్కువై చర్మం ఎండిపోతుంది. మిగతా సమయంలో తాకకుండా, తిప్పకుండా వదిలేయడమే వైద్యం.

నేను సెప్టెంబరులో కుట్టించుకున్నాను. ఇక్కడ అది రాగ్‌వీడ్ పుప్పొడి కాలం. దానికి తోడు ఎండుమిరపకాయల పోపు! మొదటి రెండు వారాలు ఇంట్లో పోపు పని మావారిదే. పాలరంగు, పసుపురంగు ద్రవం కారి పక్కు కడితే భయపడక్కర్లేదు. ఎర్రదనం పాకడం, వేడి, దుర్వాసన, జ్వరం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నగ మాత్రం మీరే తీసేయకండి, రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. చర్మం రెండు అంచుల నుంచి లోపలికి పెరుగుతుంది. బయట మానినా లోపల పచ్చిగానే ఉంటుంది. ఈ చోటికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. ముక్కు పక్కన కుట్టినదానికి అంతకంటే ఎక్కువే.

గుర్రపునాడా ఆకారపు కమ్మీ అయితే పైకి మడిచి ముక్కులో దాచేయవచ్చు, ఉద్యోగం చేసేవాళ్లకి ఉపయోగం. దాచాల్సిన అవసరమే రాకూడదనుకునేవాళ్లు దక్షిణాఫ్రికాలోని పిళ్లై కేసు చదవండి. డర్బన్‌లో దక్షిణ భారత మూలాలున్న ఒక విద్యార్థిని ముక్కుపుడక పెట్టుకుంటే బడి ఒప్పుకోలేదు. ఆ పుడక తీసేయమనడం వివక్షేనని 2007లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. బడిలో నవ్వులకి బులాకీ తీసేసిన అమ్మమ్మ నాకు గుర్తొచ్చింది.

సంక్రాంతికి నాలుగు నెలలు నిండాయి. కంసాలి చేత ముత్యాలు కదలకుండా, కొక్కెం మాత్రం 18 క్యారెట్లలో లావుగా చేయించాను. సన్నటి తీగ అయితే రంధ్రాన్ని కోస్తుంది. పెట్టుకుని వీడియో కాల్ చేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అమ్మకి ఇంకొంచెం కిందకి వేలాడేదే" అంది.

మా పదేళ్ల అమ్మాయి తనకీ కావాలంటోంది. ఇక్కడ 18 నిండేదాకా తల్లిదండ్రుల అనుమతి కావాలి. పెద్దయ్యాక నీ ముక్కు నీ ఇష్టం అని చెప్పాను. పెట్టుకున్నా, మానినా, ఎవరో నవ్వారని మాత్రం కాకూడదు.