పలికే కుండ - పలకకూడని పెట్టె

బొబ్బిలి పేరు చెప్పగానే మీకు యుద్ధం గుర్తుకొస్తుంది. సంగీతం తెలిసిన పెద్దవాళ్ళకైతే వీణ కూడా గుర్తుకొస్తుంది. విజయనగరం జిల్లాలో బొబ్బిలిని ఆనుకొని ఉన్న గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పనస దుంగను తొలిచి, గుండ్రని కుండనూ పొడవాటి దండినీ ఒకే కర్రలో తీసిన వీణను ఏకాండి వీణ అంటారు.

ఆ కుండ ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక రబ్బరు బ్యాండును రెండు వేళ్ళ మధ్య సాగదీసి మీటి చూడండి. వినీ వినపడనట్టు ఉంటుంది. అదే బ్యాండును చెప్పుల అట్టపెట్టెకు చుట్టి మీటండి. ఇప్పుడు గదిలో అవతలి మూలనున్న వాళ్ళకు కూడా వినిపిస్తుంది. సన్నని తీగ గాలిని కోసుకుంటూ పోతుంది గాని నెట్టలేదు. విసనకర్ర పుల్లతో విసురుకుంటే గాలి వస్తుందా మరి? వీణలో తంతి కంపనాలు గుర్రం మీదుగా కుండ పైనున్న పలకకు చేరతాయి. పలక వెడల్పైనది కాబట్టి చాలా గాలిని నెడుతుంది. మనం వినేది ముఖ్యంగా ఆ చెక్క పలుకునే. అందుకే వీణలు చేసేవారు చెక్క విషయంలో అంత పట్టింపుగా ఉంటారు.

ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. తెలియడమే కొంపముంచింది! 1970ల చివర్లో విజయనగరంలో హైస్కూలు చదువుతుండగా, పాడైపోయిన రేడియోలోంచి తీసిన 6 అంగుళాల స్పీకరు ఒకటి నా చేతికొచ్చింది. దానికి పెట్టె కట్టాలి. 'వీణకు పలుచని పలక ఉంది కదా, మన పెట్టెకూ పలుచని చెక్కే మేలు' అనుకున్నాను. కిరాణా కొట్టులో టీ పొడి వచ్చే ప్లైవుడ్ పెట్టె అడిగి తెచ్చి, ఆ రేకులాంటి చెక్కతో అందమైన పెట్టె తయారుచేశాను. పాట పెట్టాను. సుశీల గొంతు బాగానే ఉంది. ఘంటసాల గొంతు కిందికి దిగిన చోటల్లా పెట్టె కూడా గొంతు కలిపి 'బొయ్' మంటోంది! ఇద్దరూ మా ఊరి సంగీత కళాశాలలో చదువుకున్నవారే. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా మొదలైన కళాశాల అది. అటువంటివారి పాటలో నా టీ పెట్టె గొంతు కలుపుతోంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

యాంప్లిఫయరుకు శక్తి చాలడం లేదనుకొని, దాచుకున్న డబ్బులన్నీ పోసి ఇంకా పెద్దది కట్టాను. 'బొయ్' కూడా పెద్దదైంది.

నేను చేసిన తప్పేమిటో తెలియాలంటే లౌడ్‌స్పీకరు ఎలా పనిచేస్తుందో చూడాలి. ఈనాటికీ ఇళ్ళలో ఎక్కువగా కనిపించే రకాన్ని అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రకటించారు. బలమైన అయస్కాంతం సందులో ఒక తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు కోన్, అంతే. చుట్టలో విద్యుత్తు ఒక దిశలో పారితే కోన్ ముందుకు కదులుతుంది, దిశ మారితే వెనక్కి. మృదంగం తొప్పి మీద దెబ్బ సెకనుకు దాదాపు 100 కంపనాల శబ్దమైతే, కోన్ కూడా సెకనుకు 100 సార్లు ముందుకూ వెనక్కూ ఊగాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. కోన్ ముందుకు వచ్చినప్పుడు ఎదుట గాలి నొక్కుకుంటుంది. సరిగ్గా అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ముందున్న నొక్కుడు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక ఖాళీని పూడ్చేస్తుంది. ఒకటి కూడిక, ఒకటి తీసివేత, మిగిలేది దాదాపు సున్న. మీ భౌతికశాస్త్రంలో వ్యతికరణం అని చదువుకునేది ఇదే. అయితే అన్ని స్వరాలూ ఇలా చెడిపోవు. సెకనుకు 1,000 కంపనాల శబ్దానికి తరంగదైర్ఘ్యం సుమారు 34 సెంటీమీటర్లు. 100 కంపనాల శబ్దానికి 3.4 మీటర్లు. 15 సెంటీమీటర్ల స్పీకరు అంచు అంత పొడుగు తరంగానికి ఒక అడ్డే కాదు. అందుకే పెట్టె లేని స్పీకరులో కీచు స్వరాలు బతుకుతాయి, మంద్రస్వరాలు చచ్చిపోతాయి.

నమ్మకం లేకపోతే చేసి చూడండి. 60 సెంటీమీటర్ల చదరపు అట్టముక్క తీసుకొని, మధ్యలో స్పీకరు కోన్ అంత రంధ్రం కొయ్యండి. ముందు స్పీకరును చేతిలో పట్టుకొని పాట వినండి. తరువాత దాన్ని ఆ రంధ్రానికి ఆనించి నొక్కిపట్టండి. పాటకు ఒక్కసారిగా ఒళ్ళు వచ్చినట్టవుతుంది. యాంప్లిఫయరులో మీరు ఏమీ మార్చలేదు, ఒక్క వాట్ కూడా పెంచలేదు. ఈ అభిరుచిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే పని ఇంకొకటి నాకు తెలియదు.

అట్టను నాలుగు వైపులా వెనక్కి మడిచి మూసేస్తే అదే పెట్టె. దాని పని వెనకనుంచి వచ్చే శబ్దాన్ని బయటికి రాకుండా బంధించడం. వీణ కుండకూ స్పీకరు పెట్టెకూ తేడా ఇప్పుడు తెలిసిందా? వీణలో తంతి పాడలేదు కాబట్టి కుండ పాడాలి. స్పీకరులో కోన్ అప్పటికే పాడుతోంది. పెట్టె కూడా పాడటం మొదలుపెడితే అది పాటగాడి పక్కన నిలబడి కూనిరాగం తీసే మనిషి లాంటిది. ప్రతి పలుచని చెక్కకూ దానికి ఇష్టమైన పౌనఃపున్యం ఒకటుంటుంది. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా అనునాదం చెంది ఊగిపోతుంది. నా 'బొయ్' రహస్యం అదే.

మందు సులువు. చెక్క మందం రెట్టింపు చేస్తే దాని బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. 4 మిల్లీమీటర్ల టీ పెట్టె చెక్క బదులు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడితే ఎంత బిగువు పెరుగుతుందో లెక్కకట్టండి: నాలుగున్నర ఘనం, అంటే 91 రెట్లు! దానికి తోడు లోపల ఎదురెదురు గోడల మధ్య ఒక అడ్డకర్ర బిగిస్తే ఇంకా మంచిది. 6 అంగుళాల స్పీకరుకు లోపలి కొలతలు 20, 24, 30 సెంటీమీటర్లు పెట్టుకోవచ్చు. సుమారు 14 లీటర్లు వస్తుంది. మూడు కొలతలూ సమానంగా పెట్టకండి. లోపలి ప్రతిధ్వనులన్నీ ఒకే స్వరం మీద కూడుకుంటాయి. పెట్టెలో సగానికి పైగా దూదో, పాత కంబళి ముక్కలో వదులుగా నింపండి. సందులన్నీ లప్పంతో మూసేయండి. చీమ దూరేంత సందు ఉన్నా గాలి బుస్సుమంటుంది.

ఇంత వడ్రంగం మా వల్ల కాదంటారా? మీ తాతగారి కాలపు ఉపాయం ఒకటుంది. 1970లలో, 80లలో టీ కొట్లలోనూ క్షౌరశాలల్లోనూ మట్టికుండ మూతికి స్పీకరు బిగించి పాటలు వినేవారు. చూసినవారు 'కుండ గుమ్ముమంటుంది కాబట్టి పాట గుమ్ముమంటోంది' అనేవారు. అది సగమే నిజం. కుండ గోడ వంపు తిరిగి ఉంటుంది. వంపు ఉన్నది పలుచగా ఉన్నా బిగువుగా ఉంటుంది. గుడ్డు పెంకును రెండు అరచేతుల మధ్య నిలువుగా నొక్కి చూసినవాళ్ళకు ఇది తెలుసు. కాబట్టి మంద్రస్వరాలకు కుండ చలించదు. నిజానికి అది నా టీ పెట్టె కన్నా ఎంతో మర్యాదస్తురాలు. మరి వేలితో కొడితే ఖణేలుమంటుంది కదా అని మీరు అడగవచ్చు. అది హెచ్చు స్వరం. లోపల గుడ్డముక్కలు అతికిస్తే అణిగిపోతుంది.

కుండ 'బుం బుం' మనేది ఎప్పుడంటే, స్పీకరుకూ మూతికీ మధ్య సందు వదిలినప్పుడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా, కుండలోని గాలికీ అటువంటి స్వరం ఒకటుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ 19వ శతాబ్దంలోనే దీని లెక్క తేల్చాడు. పాటలో ఆ ఒక్క స్వరమే ఉబ్బిపోతుంది. తప్పెటగుళ్ళ దరువుకు ఇది సరదాగానే ఉంటుంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ వినాలంటే మాత్రం సైకిలు ట్యూబు ముక్కను వలయంగా కోసి సందులో పెట్టి బిగించండి. మరీ చిన్న కుండ తీసుకోవద్దు. లోపల గాలి తక్కువైతే గట్టి స్ప్రింగులా కోన్‌ను కదలనివ్వదు, మంద్రం మళ్ళీ పోతుంది.

ఇక యాంప్లిఫయరు. అది చిన్న శబ్దాన్ని సాగదీసి పెద్దది చేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. చెరువు మదుము దగ్గర మనిషి తలుపును కొద్దిగా పైకీ కిందికీ కదుపుతాడు. పారే నీటి బలం చెరువుది, అతనిది కాదు. బలహీనమైన సంకేతం ఆ మనిషి, ట్రాన్సిస్టరు తలుపు, బ్యాటరీ చెరువు. స్పీకరు రెండు వైపులా ఊగాలి కాబట్టి ఎ.సి. 187, ఎ.సి. 188 వంటి జతను వాడేవారు. దుంగను కోసే పెద్ద రంపాన్ని ఇద్దరు చెరోవైపు లాగినట్టు ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కు. ఒకడు వదిలాక రెండోవాడు అందుకోవడానికి తడుముకుంటే రంపం కొక్కిరిస్తుంది. ట్రాన్సిస్టర్లలో కూడా ఆ కొక్కిరింపు ఉంది; మెల్లగా పాడేటప్పుడు గరగరగా వినిపిస్తుంది. ఇద్దరినీ ఎప్పుడూ కొద్దిగా పట్టు మీదే ఉంచితే, అంటే సంకేతం లేనప్పుడు కూడా కొద్ది విద్యుత్తు పారనిస్తే, అది పోతుంది.

చెరువులో ఉన్నంతే నీరు. 12 వోల్టుల బ్యాటరీతో పనిచేసే ఇటువంటి యాంప్లిఫయరులో సంకేతం ఒక్కొక్క వైపుకు 6 వోల్టులకు మించి ఊగలేదు. 4 ఓముల స్పీకరుకు 6 ఇంటూ 6, భాగించు 8: నాలుగున్నర వాట్లు, అదీ నష్టాలు లేకపోతే. రెండు యాంప్లిఫయర్లను స్పీకరుకు చెరో కొసన కలిపితే 18 వరకూ పోవచ్చు. అటువంటి డబ్బా మీద 'వెయ్యి వాట్లు' అని అచ్చువేసి అమ్మితే ఏమనుకోవాలో మీకే తెలుసు. పైగా వాట్లను పది రెట్లు చేస్తేగాని చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించదు. నేను పోసిన డబ్బులు ఎక్కడికి పోయాయో చూశారా?

ఇప్పుడు పి.ఎ.ఎం. 8403 అనే చిప్ ఉన్న పలకలు దొరుకుతున్నాయి. తపాలాబిళ్ళంత ఉంటాయి. 5 వోల్టులతో పనిచేస్తాయి. ఇందులో తలుపు సగం తెరవడమన్నది లేదు. సెకనుకు లక్షల సార్లు పూర్తిగా తెరుచుకొని పూర్తిగా మూసుకుంటుంది. అందుకే దాదాపు వేడెక్కదు. ఒక్క జాగ్రత్త: ఈ చిప్ స్పీకరు రెండు తీగలనూ నడుపుతుంది కాబట్టి ఏ తీగనూ భూమి తీగకు కలపకూడదు, రెండు స్పీకర్ల తీగలను ఒకదానితో ఒకటి కలపకూడదు.

'హూం' అనే మోత వస్తే ముందు ఇన్‌పుట్ తీగ పీకి, ఆ రెండు కొసలనూ కలిపి చూడండి. మోత ఆగితే లోపం ఆ తీగది. చుట్టూ జల్లెడ తీగ ఉన్నది వాడండి. ఆగకపోతే విద్యుత్తు సరఫరాలో వడపోత చాలలేదు, పెద్ద కెపాసిటరు కావాలి. మీరు మాత్రం బ్యాటరీతోనో, కొన్న అడాప్టరుతోనో మొదలుపెట్టండి. అటక మీది పాత వాల్వు రేడియోను విప్పి ప్లగ్గు పెట్టవద్దు. ట్రాన్స్‌ఫార్మరు లేని రకాల్లో లోపలి ఇనుప చట్రమే 230 వోల్టుల తీగకు కలిసి ఉండవచ్చు. తాకితే ప్రాణం పోతుంది. ఆ పని తెలిసిన రేడియో మెకానిక్ పక్కన ఉంటేనే.

పెట్టె పూర్తయ్యాక ఒక పరీక్ష ఉంది. పైపలక మీద గుప్పెడు నూకలు చల్లి, మృదంగం ఉన్న పాట కొంచెం గట్టిగా పెట్టండి. నూకలు ఎక్కడ గెంతుతున్నాయో అక్కడ చెక్క పాడుతోందన్నమాట. లోపల సరిగ్గా ఆ చోటుకు అడ్డకర్ర బిగించి మళ్ళీ చల్లండి. కుండ మీద నూకలు నిలవవు గనుక అరచేయి ఆనించి చూడాలి. నా టీ పెట్టెకు మూడు అడ్డకర్రలు పట్టాయి. మూడోది బిగించిన రోజు సాయంత్రం ఘంటసాల ఒక్కడే పాడాడు.