పొలము కొనుటకు ముందు

దస్తావేజు రిజిష్టరు అయినంత మాత్రమున, అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి సంక్రమించదు. తగాదాలకు ఇదియే మూలము.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ప్రకారము, బయానా ఇచ్చి వ్రాయించుకొన్న అగ్రిమెంటు భూమిపై హక్కు నీయదు. రిజిష్టరు విక్రయ దస్తావేజు కావలెను.

ఈసీలో రిజిష్టరైన లావాదేవీలే కనిపించును. నోటిమాట పంపకములు, రిజిష్టరు కాని వీలునామాలు కనిపించవు. కనుక లింకు దస్తావేజులు చూడవలెను. హిందూ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకును సమాన వాటా కలదు. 2005లో కేంద్ర చట్టమును ఆ మేరకు సవరించిరి. వాటాదారులందరిచే సంతకములు చేయించవలెను.

భూమి అసైన్డుదేమో తహశీల్దారు కచేరీలో విచారింపవలెను. పొలమునకు పోయి, సాగు చేయుచున్నదెవరో అడుగవలెను. ఇవి తేలిన పిమ్మటనే బయానా ఈయుడు. కష్టార్జితము కోర్టుల పాలు కాకుండ ఉండును.