అయ్యగారిని అడిగేదెవరు?

చేవెళ్ల: మర్రిచెట్లకు పేరుపడ్డ బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు సాగితే రెండు పక్కలా పల్లెలే. వాటిలో చాలా చోట్ల ఒక చిన్న చర్చి కనిపిస్తుంది. కొన్ని పాతకాలపు మెథడిస్టు గుళ్లు. కొన్ని ఏ పెద్ద సంఘానికీ చెందకుండా ఒక్క పాస్టరు చేతి మీద నడిచే రేకుల మందిరాలు. గుడి ఏదైనా ఊళ్లో ఆయన పేరు ‘అయ్యగారు’, ఆయన భార్య ‘అమ్మగారు’.

అయ్యగారి పని ఆదివారం ప్రసంగంతో తీరేది కాదు. తాగి వచ్చి కొట్టే మగని సంగతి, వడ్డీకి తెచ్చిన అప్పు సంగతి, అన్నదమ్ముల గట్టు తగాదా, ఇల్లు విడిచిపోయిన కొడుకు కబురు, అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. అర్ధరాత్రి ఆస్పత్రికి తోడు వెళ్లేదీ, సమాధి దగ్గర చివరి ప్రార్థన చేసేదీ ఆయనే. ఊరి గుట్టంతా ఆయన కడుపులో ఉంటుంది.

మరి ఆయన గుట్టు ఎవరి దగ్గర ఉంటుంది? సర్పంచిని గ్రామసభలో నిలదీయవచ్చు. రేషను డీలరు మీద తహసీల్దారుకు అర్జీ పెట్టవచ్చు. అయ్యగారిని మాత్రం “ఎట్లున్నరు?” అని అడిగితే “దేవుని కృప, బాగున్నం” అనే జవాబే వస్తుంది. నిద్ర పట్టడం లేదనో, సంఘ పెద్ద మీద కోపం చల్లారడం లేదనో, కానుకల డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోయిందనో ఆయన చెప్పడు. చెబితే గౌరవం పోతుందని భయం. చెప్పకుండా దాచినది ఒకనాడు బయటపడితే పోయేది ఆయన గౌరవం ఒక్కటే కాదు. సంఘం రెండు ముక్కలవుతుంది, గుడికి తాళం పడుతుంది, బాప్తిస్మం తీసుకున్న కుర్రవాళ్లు ఇటు తొంగిచూడడం మానేస్తారు.

ఈ చిక్కు కొత్తది కాదు. ఈ ప్రాంతపు మెథడిస్టులు ఏటా నవంబరులో వికారాబాద్ దగ్గర ధారూరు జాతరకు వెళతారు. వారి సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ కథ మొదలైందే ఒక ఓటమితో. ఆయన ఇంగ్లండు నుంచి అమెరికాలోని జార్జియాకు అక్కడి ఆదివాసులను మార్చాలని 1735లో ఓడ ఎక్కారు. తాను మనసుపడిన యువతి వేరొకరిని పెళ్లాడాక ఆమెకు ప్రభువు బల్ల నిరాకరించారు. గొడవ కోర్టుకెక్కింది. 1737 చివర ఆ దేశం విడిచి వచ్చేశారు. ఇతరులను మార్చడానికి వెళ్లాను గాని నన్ను మార్చేదెవరని తన దినచర్య పుస్తకంలో తనను తానే ప్రశ్నించుకున్నారు. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో కూర్చుని వింటుండగా ఆయనకు కొత్త ధైర్యం కలిగింది. ఆ సాయంత్రం ఆయన వినేవాడే, బోధించేవాడు కాదు. ఇది గమనించదగ్గ విషయం.

ఆ తర్వాత ఆయన పెట్టిన ఏర్పాటు చూస్తే మన పల్లెలకు పనికివచ్చేదే అనిపిస్తుంది. 1742లో బ్రిస్టల్ పట్నంలో మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను సుమారు పన్నెండు మంది చొప్పున జట్లు కట్టారు. ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ వసూలు చేయడం జట్టు నాయకుని పని. వసూలుకు ఇంటింటికీ తిరిగిన నాయకులకు ఎవరు ఎలా బతుకుతున్నారో కళ్లకు కట్టింది. అప్పు కోసం పుట్టిన ఏర్పాటు బతుకు బాగోగులు విచారించే ‘క్లాసు’ కూటంగా మారింది. 1743లో రాసిన నియమాల ప్రకారం నాయకుడు వారానికోసారి ప్రతి సభ్యుణ్ణీ కలవాలి. ఆ నాయకుడూ వారానికోసారి పాదిరిని, స్టూవర్డులను కలిసి లెక్క చెప్పాలి. అంటే అడిగేవాణ్ణి అడిగేవాడు కూడా ఉన్నాడన్నమాట. ప్రసంగీకుల వార్షిక సభల్లో ఒక్కొక్కరి పేరు పిలిచి, ఇతని నడతకు వంక ఏమైనా ఉందా అని అడిగే ఆచారమూ ఆ సంఘాలలో ఉంది. స్వతంత్ర మందిరాలకు ఆ మాత్రం పైవాడు కూడా లేడు.

తెలుగునాట ఇంకొక ఉదాహరణ ఉంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు అజరయ్య 1902లో జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మనుషులనే ఇతర చోట్లకు సేవకు పంపడం చూసి, అంత పాతదైన తమ సంఘం ఆ పని చేయలేదని సిగ్గుపడ్డారు. 1903లో మిషనరీ సొసైటీ పెట్టించారు. వెళ్లండని అందరికీ చెప్పారు. చెప్పగా చెప్పగా, మరి నేనెందుకు వెళ్లలేదనే ప్రశ్న ఆయననే తగిలింది. 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు వచ్చి గుడారంలో కాపురం పెట్టారు. 35 ఏళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న మరణించేదాకా పల్లెలు తిరుగుతూనే ఉన్నారు.

మొయినాబాద్ చుట్టుపక్కల నేటి శోధన వేరు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకు 1996లో 111 నంబరు జీవో వచ్చినా భూముల బేరాలు ఆగలేదు. ఎకరం అమ్మినవాడు పెద్ద కానుక తెచ్చి, కొత్త కారుకు ప్రార్థన చేయమంటాడు. ఆ డబ్బు చెల్లెలికి రావలసిన వాటా అయితే అయ్యగారు నోరు విప్పగలరా? పేదవాని ఒక్క గొర్రెపిల్ల కథ చెప్పి దావీదు రాజు తప్పు దావీదు చేతే ఒప్పించిన నాతాను సంగతి ప్రతి పాస్టరూ ప్రసంగంలో చెబుతాడు. తాను నాతాను పక్షమని అనుకునే చెబుతాడు. తానే దావీదు అయి కూర్చున్న రోజు ఎవరు వచ్చి చెప్పాలి?

ఇంట్లో అమ్మగారికి అన్నీ తెలుసు. అడిగితే చెబుతుంది, కాని అడిగే అయ్యగార్లు తక్కువ. కానుకల లెక్క నెలనెలా సంఘం ముందు చదవడానికి ఖర్చేమీ లేదు. పక్క ఊళ్ల పాస్టర్లు ముగ్గురో నలుగురో నెలకొకసారి కూర్చుని, ఎవరి మందిరానికి ఎంతమంది వచ్చారన్న మాట పక్కన పెట్టి, ఎవరి కోపం, ఎవరి అప్పు, ఎవరి అలసట వారు చెప్పుకోవచ్చు. విన్న మాట బయట చెప్పకూడదన్న కట్టు ఒక్కటి ఉండాలి. ఆదివారం పని తీరిన పాస్టర్లకు సోమవారం కాస్త తీరిక. చేవెళ్ల బస్టాండు దగ్గర టీ హోటళ్లకు కొదవ లేదు.