సిజేరియన్ గణాంకాలు వైద్యుల చేతికి అందాలి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రులలో ఇది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం. సూర్యాపేట జిల్లా గరిడేపల్లి వంటి గ్రామీణ మండలాల తల్లులకు ఈ లెక్కలు నేరుగా సంబంధించినవి.

అయితే మొత్తం శాతాన్ని మాత్రమే చూపి వైద్యులను తప్పుపట్టడం సమంజసం కాదు. క్లిష్టమైన కేసులు అధికంగా వచ్చే ఆసుపత్రిలో శస్త్రచికిత్సలూ అధికంగానే ఉంటాయి. అందువల్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, కాన్పులను 10 వర్గాలుగా విభజించే రాబ్సన్ విధానాన్ని సిఫారసు చేసింది. నెలలు నిండి, గర్భంలో ఒకే బిడ్డ తల క్రిందికి ఉండి, నొప్పులు వాటంతటవే వచ్చిన తొలిచూలు గర్భిణులు మొదటి వర్గంలోకి వస్తారు. ఈ వర్గంలో సిజేరియన్లు ఎక్కువైతే కారణాలను తప్పక పరిశీలించవలసి ఉంటుంది.

ఈ వివరాలను శిక్షకు ఆధారంగా కాక, సహచరులతో చర్చకు ఆధారంగా క్రమం తప్పక అందించినపుడే వైద్యులు వాటిని విశ్వసించి వినియోగించుకోగలుగుతారు.