పన్నూ, నమ్మకమూ

ఫ్రాన్సులో 2018 నవంబరు 17న పసుపుపచ్చ కోట్లు తొడుక్కుని రోడ్లెక్కినవారిని పర్యావరణ శత్రువులుగా చిత్రించే వాదం నాకు సమ్మతం కాదు. వారికి లేనిది పాలకులపై నమ్మకం. భూతాపం పేరిట డీజిలుపై పన్ను పెంచిన ప్రభుత్వమే, ఆ ఏడాది జనవరి నుంచి సంపద పన్నును రద్దుచేసి స్థిరాస్తులపై పన్ను మాత్రం మిగిల్చింది. బస్సులేని పల్లె నుంచి కారులో పనికి పోక తప్పనివాడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. (ఈపాటి లెక్కకు ఆర్థికశాస్త్రం అక్కర్లేదు!)

స్వీడన్ సోషలిస్టు స్వర్గమేమీ కాదు. అయినా 1991లో బొగ్గుపులుసు వాయువుపై పన్ను వేసినప్పుడు, అదే సంస్కరణలో ఆదాయపు పన్ను తగ్గించింది. ఆ పన్ను క్రమంగా పెరిగి నిలదొక్కుకుంది. ఫ్రాన్సు ప్రభుత్వమో, 2019కి తలపెట్టిన పెంపును 2018 డిసెంబరులోనే విరమించుకుంది. రేటు టన్నుకు 44.6 యూరోల దగ్గరే ఆగిపోయింది.